లీటరుకు పదకొండు

మా ఆఫీసు జీపు నడిపిన కొమురెల్లి పెట్రోలు దొంగ అని హనుమకొండలో ఇప్పటికీ అనేవాళ్లు ఉన్నారు. వాళ్ల నోళ్లు నేను మూయించలేను. ఆ మాటను మొదట కాగితం మీద పెట్టిన చెయ్యి నాదే. నా పేరు సత్యనారాయణ, ఆ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. జీపు ఏ రోజు ఎక్కడికి పోయింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని లీటర్లు తాగింది అని రాసే లాగుబుక్కు నా టేబులు మీదే ఉండేది. ఏ ఆఫీసు అని మాత్రం అడక్కండి, చెప్పను. ఏ ఆఫీసయినా ఇలాగే చేసి ఉండేదని నా నమ్మకం.

కొమురెల్లిది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక పల్లె. వాళ్ల నాయన పటేలు ఇంట్లో ఏళ్ల తరబడి జీతానికి ఉండి, ఆ ఇంటి పశువుల కొట్టంలోనే కన్నుమూశాడు. ఆ మర్నాడు పటేలు కొడుకు వచ్చి, తండ్రి స్థానంలో నువ్వు ఉండు అంటే, కొమురెల్లి సరే అని తలాడించి సాయంత్రం రైలెక్కి పారిపోయి వచ్చాడు. లారీలు కడిగాడు, తర్వాత లారీలు నడిపాడు, ముప్పై దాటాక మా ఆఫీసులో డ్రైవరు నౌకరీ సంపాదించాడు. ఆ ఖాకీ చొక్కా అంటే అతనికి ఎంత ఇష్టమంటే ఆదివారాలు కూడా విప్పేవాడు కాదు. కొత్తవాడలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవాడు. భార్య మొగిలమ్మ అక్కడి జంపఖానాల మగ్గాలకు కండెలు చుట్టేది. పిల్లలు లేరు.

డెబ్బై నాలుగులో పెట్రోలు ధర మండిపోతుంటే, ప్రతి ఆఫీసు బండీ లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో పరీక్ష చేసి లాగుబుక్కు మొదటి పేజీలో రాసి పెట్టాలని ఆర్డరు వచ్చింది. మా జీపు అంతకు ముందు ఏడే వేరే జిల్లా నుంచి వచ్చింది, పాత బండి. ఒక పొద్దున ట్యాంకు గొంతుదాకా పోయించి ఘన్‌పూర్ రోడ్డు పట్టాము. ముందు సీట్లో అప్పటి ఆఫీసరుగారు, వెనక పుస్తకం పట్టుకుని నేను. కొమురెల్లి నడిపిన తీరు చూడాలి. బ్రేకు మీద కాలు పెడితే పాపం అన్నట్టు నడిపాడు. ఎదురుగా ఎడ్లబండి కనపడితే అర ఫర్లాంగు ముందే కాలు తీసేసేవాడు. తిరిగొచ్చి మళ్లీ ట్యాంకు నింపించి, మీటరు చూసి భాగహారం చేస్తే లీటరుకు పదకొండు వచ్చింది. తప్పు చేశానేమోనని ఇంకోసారి చేశాను, మళ్లీ పదకొండే. పక్క ఆఫీసుల జీపులు ఎనిమిది, తొమ్మిది దగ్గర మూలుగుతున్నాయి. ఆఫీసరుగారు కొమురెల్లి భుజం తట్టి, "నీ కాలికి బంగారు చెప్పు చేయించాలయ్యా" అన్నారు. నేను మొదటి పేజీలో ఎర్ర సిరాతో పదకొండు అని వేసి చుట్టూ గీత గీశాను.

ఆ రోజు నుంచి అతని పేరు పదకొండు కొమురెల్లి. కలెక్టరేటు చెట్ల కింద డ్రైవర్లంతా చేరినప్పుడు "ఏం పదకొండూ, తిన్నవా" అని పిలిచేవాళ్లు. అతను పలికేవాడు, నవ్వేవాడు. కొత్తగా వచ్చిన డ్రైవర్లు గేరు ఎట్లా మార్చాలి, యాక్సిలేటరు మీద కాలు ఎట్లా పెట్టాలి అని అడిగి నేర్చుకునేవాళ్లు. అక్షరాలు రాని మనిషి, మీటరు మీది అంకెలు, సంతకం మాత్రమే నేర్చుకున్నాడు, అలాంటివాడి దగ్గరకు జనం నేర్చుకోవడానికి వచ్చారంటే ఆ సంతోషం ఎంతుంటుందో మీరే ఊహించుకోండి.

"బండిది ఏమున్నది సారూ, ఇనుప ముక్క. కాలు మంచిదుండాలె," అనేవాడు నాతో.

ఒక్కడే ఒక్కడు ఆ లెక్కను ఒప్పుకోలేదు. కాశిబుగ్గలో షెడ్డు పెట్టుకున్న మెకానిక్ వీరభద్రం. ఏదో రిపేరుకు జీపు పోయినప్పుడు లోపలికి తల పెట్టి చూసి, "అన్నా, గీ మీటర్ ఈ బండిది కాదే. ఏదో పెద్ద టైర్ల బండిది పీకి పెట్టిండ్రు. నువ్వు పది పోతే ఇది పన్నెండు, పదమూడు చూపెడ్తది," అన్నాడు. కొమురెల్లి అతని కాలరు పట్టుకున్నాడు. నా కాలు మంచిదయితే నీకెందుకురా కడుపుమంట అని తిట్టాడు. ఆ తర్వాత అయిదేళ్లు ఆ షెడ్డు గడప తొక్కలేదు. ఈ సంగతి అతనే వచ్చి నాకు నవ్వుతూ చెప్పాడు, నేనూ నవ్వాను. నాకు లెక్క వచ్చు, పెన్సిలు ఉంది, రోడ్డు పక్కన ప్రభుత్వం వారు పాతిన కిలోమీటరు రాళ్లు ఉన్నాయి. ఒక్కరోజు జీపులో కూర్చుని రాళ్లు లెక్కపెడితే తేలిపోయేది. బుద్ధి గడ్డి తిని ఆ పని చెయ్యలేదు. మా జీపు ఎక్కువగా తిరిగేది పల్లెల్లో, బండ్లబాటల్లో, అక్కడ రాళ్లు ఉండవు. హైదరాబాదు పనులకు ఆఫీసర్లు కాజీపేటలో రైలెక్కేవారు. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు. నెలనెలా లెక్క చూసి, సరిపోయింది అని రాసి నేను సంతకం చేసేవాణ్ణి, దాని కింద ఆఫీసరుగారు చేసేవారు.

డెబ్బై తొమ్మిదిలో ఆ ఆఫీసరుగారు ప్రమోషన్ మీద హైదరాబాదు పెద్దాఫీసుకు వెళ్లారు. ఆయన చోటికి రాజేశ్వర్ రావుగారు వచ్చారు. చెడ్డవాడు కాదు, కానీ నియమాల మనిషి. జీపెక్కిన మొదటి రోజే మీటరు వైపు చూసి, అద్దం పగిలింది, సూది వణుకుతోంది, కొత్తది వేయించండి అన్నారు. ఆ జీపుకు సరిగ్గా సరిపోయే కొత్త మీటరు తెప్పించి బిగించారు. పాతదాన్ని పారెయ్యడానికి కొమురెల్లికి మనసొప్పక గుడ్డలో చుట్టి ఇంటికి తీసుకుపోయాడు.

ఆ నెలాఖరున లెక్క కడితే లీటరుకు ఎనిమిదిన్నర వచ్చింది. కొట్టేసి మళ్లీ కట్టాను. రెండో నెల ఎనిమిదిన్నర. మూడో నెల కూడా అంతే. రాజేశ్వర్ రావుగారు మొదటి పేజీ తిప్పి ఎర్ర సిరా పదకొండు మీద వేలు పెట్టారు. "బండి అదే, రోడ్లు అవే, డ్రైవరు అతనే. మరి పెట్రోలు ఎవరు తాగుతున్నారు?" అన్నారు.

అక్కణ్ణించి కొమురెల్లి పడిన యాతన నేను కళ్లారా చూశాను. పదకొండు తేవాలి, అదొక్కటే అతని ధ్యాస. కార్బురేటరు విప్పి కడిగేవాడు, బిగించేవాడు, మళ్లీ విప్పేవాడు. పల్లం కనిపిస్తే న్యూట్రల్ చేసి ఇంజను ఆపేసేవాడు. సాయంత్రం పల్లం చూసి జీపు పెట్టి, పొద్దున సెల్ఫు కొట్టకుండా తోసి స్టార్టు చేసేవాడు. తోస్తుంటే నేనూ ఒకసారి చెయ్యి వేశాను. ఎవరో ట్యాంకులోంచి పెట్రోలు లాగుతున్నారని అనుమానపడి, మధ్యాహ్నం భోజనానికి కూడా జీపు వదలకుండా స్టీరింగు ముందే గిన్నె విప్పుకునేవాడు. ఎంత చేసినా తొమ్మిది దాటలేదు.

చివరికి తన డబ్బుతో ట్యాంకు మూతకు తాళం వేయించాడు. ఒకటే చెవి, అది తన మొలతాడుకే. ఇంక చూడుండ్రి సారూ అన్నాడు నాతో ధీమాగా. నెలాఖరున ఎనిమిదిన్నర. తాళం చెవి ఎవరి దగ్గరుంటుందని రాజేశ్వర్ రావుగారు అడిగారు. నా దగ్గరే అని కొమురెల్లి నిజం చెప్పాడు. ఇన్నాళ్లూ ఎవరో అనుకునే వీలైనా ఉండేది, ఆ తాళంతో అదీ పోయింది. మర్నాడు మెమో ఇచ్చారు. పెట్రోలు కాజేసినందుకు నిన్ను నౌకరీ నుంచి ఎందుకు తీసెయ్యకూడదో పది రోజుల్లో జవాబు చెప్పుకో అని దాని సారాంశం. చదివి వినిపించింది నేనే.

"నేను తాగిన్నా సారూ పెట్రోల్?" అన్నాడు. "పదకొండేండ్లాయె నౌకరి వట్టి, ఒక్క సుక్క ఇంటికి కొంటవోలె."

అప్పుడు వెలిగింది నా బుర్రకు. కొత్త మీటరు వేసిన నెల నుంచే కదా ఈ పీడ పట్టింది. ఆదివారం పొద్దున కొమురెల్లిని వెంటబెట్టుకుని జీపులో కాశిబుగ్గ వెళ్లాను. గుడ్డలో చుట్టిన పాత మీటరు అతని చంకలో ఉంది. అయిదేళ్ల తర్వాత వీరభద్రం ముఖం చూడలేక గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. వీరభద్రం మంచివాడు, పాత మాట ఎత్తలేదు. "తే అన్నా, పెట్టి చూద్దాం," అని కొత్త మీటరు తీసి పాతది బిగించాడు. ముగ్గురం ఘన్‌పూర్ రోడ్డు మీద రాళ్లు చూసుకుంటూ పోయాము. పది కిలోమీటర్ల రాళ్లు దాటేసరికి పాత మీటరు పదమూడు దగ్గరకు తిరిగింది. రోడ్డు పక్కనే దాన్ని విప్పి కొత్తది పెట్టి, అవే రాళ్ల మీదుగా వెనక్కి వచ్చాము. సరిగ్గా పది చూపించింది.

బతికిపోయావు కొమురెల్లీ అన్నాను నేను. అతను స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. "అంటే అయిదేండ్ల సంది నేను గూడ అందరి లెక్కనేనా," అన్నాడు. ఒక మనిషి దొంగ కాదని తేలిన రోజున అంత దిగాలుగా ఉండటం నాకు ఆశ్చర్యమేసింది, కొంచెం కోపం కూడా వచ్చింది. వీరభద్రమే అతని వీపు నిమిరి, "నీ కాలు మంచిదేనే అన్నా, మీటరే మంచిది కాదు," అన్నాడు. కొమురెల్లి ఖాకీ చొక్కా అంచుతో ముఖం తుడుచుకుని, "పోనీయ్. మీటర్ తప్పని చెప్పుండ్రి సారూ. పదకొండు నాకద్దు, దొంగ పేరద్దు," అన్నాడు.

సోమవారం ఇద్దరం రాజేశ్వర్ రావుగారి గదిలోకి వెళ్లాము. రాళ్ల సంగతి నేను చెప్పాను. ఆయన పూర్తిగా విన్నారు. అడ్డు ప్రశ్న ఒక్కటీ వెయ్యలేదు, అంటే నమ్మారు. కొమురెల్లిని బయటికి పంపి, తలుపు నన్నే వెయ్యమన్నారు.

"మీటరు తప్పయితే, అయిదేళ్ల లాగుబుక్కులు తప్పు. అవునా?" అన్నారు.

"అవును సార్."

"ప్రతి నెలా కింద సంతకం ఎవరిది?"

చెప్పాను. ఇప్పుడు హైదరాబాదులో ఆయన పైన కూర్చున్న మనిషిది.

"దాని పైన, లెక్క చూశాను, సరిపోయింది అని రాసింది?"

ఆ సంతకాలు నావి. అరవై దాకా ఉంటాయి.

"మీటరు అని మనం రాస్తే ఈ ఫైలు ఎవరి దగ్గరకు పోతుందో తెలుసా? ఆ పైనాయన దగ్గరకే. తన సంతకం తప్పని ఆయన రాస్తాడా, లేక ముగ్గురినీ కలిపి ఊడబెరుకుతాడా? డ్రైవరుతో తప్పు ఒప్పుకున్నట్టు రాయించు. ఇంక్రిమెంటు ఆపి వదిలేస్తాను. నౌకరీ ఉంటుంది. అంతకంటే నేను చెయ్యగలిగింది లేదు సత్యనారాయణా," అన్నారు. ఆ మనిషి కూడా చెమటలు కక్కుతున్నాడు. ఎదురు చెప్పాల్సింది. నాకు ఇంట్లో నలుగురు పిల్లలు. అలాగే సార్ అన్నాను.

నా టేబులు దగ్గరకొచ్చి మూడు వరుసలు రాశాను. ఆఫీసు పెట్రోలు సొంతానికి వాడుకున్నాను, బుద్ధి తక్కువై చేశాను, క్షమించి నౌకరీ నిలపగలరు అని. కొమురెల్లి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "జర సదువుండ్రి సారూ," అన్నాడు. అతని ముఖం చూస్తూ ఆ మూడు వరుసలు చదవడానికి నాకు నోరు పెగల్లేదు. కాగితం ఎత్తి పట్టుకుని వేరేది చదివాను. పాత మీటరు తప్పు తిరిగినందువల్ల లెక్కలో తేడా వచ్చింది, లీటరుకు పదకొండు అన్నది నిజం కాదు, ఎనిమిదిన్నరే నిజం, ఇందులో నా దోషం లేదు అని. చూసి చదివినట్టే కళ్లు కూడా వరుసల వెంట తిప్పాను. సంతకం చేసేస్తాడు, నౌకరీ దక్కుతుంది, అతనికి ఎప్పటికీ తెలియదు అనుకున్నాను.

అతను కాగితం చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. పైనుంచి కిందికి ఒకసారి, మళ్లీ ఒకసారి చూశాడు.

"పదకొండు అని సదివిండ్రు, ఎనిమిదిన్నర అని సదివిండ్రు," అన్నాడు. "ఇందుల ఒక్క అంకె గూడ లేదేంది సారూ?"

"అక్షరాల్లో రాశాను," అన్నాను. ఒక అబద్ధం ఆడాక రెండోది తన్నుకుని వస్తుంది, ఆపలేం.

"మీరు ఎన్నడు అట్ల రాయరు. అంకె ఏసినంకనే అక్షరాలు రాస్తరు. రోజు సూస్తానగదా." అతని గొంతులో కోపం లేదు. ఉంటే నాకు హాయిగా ఉండేది. "గిది నేను దొంగనని రాసిన కాగితమేనా?"

నేను తల దించుకున్నాను.

"దస్కత్ చెయ్యకపోతే?"

"నౌకరీ పోతుంది. కేసు కూడా పెట్టొచ్చు."

లోపల రాజేశ్వర్ రావుగారు దగ్గడం వినిపిస్తోంది. "పటేల్ కొడుకు ఇంక బతికే ఉన్నడు. మొన్న అంగట్ల కలిసిండు, ఎప్పుడొస్తవురా అన్నడు," అన్నాడు కొమురెల్లి తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత వంగి, నా పెన్ను తీసుకుని, ఒక్కొక్క అక్షరమే గీసి సంతకం చేశాడు. పెన్ను మూత పెట్టి నా ముందుంచాడు.

తర్వాత ఏమయిందో వినండి. రాజేశ్వర్ రావుగారు బండి పాతబడిందని చెప్పి మళ్లీ పరీక్ష చేయించి, మొదటి పేజీలో ఎనిమిదిన్నర అని నాతో రాయించారు. ఇంకేం, ఆ నెల నుంచి లెక్క అణా పైసలతో సరిపోయింది. ఆఫీసులో వాళ్లు దాన్ని ఎట్లా అర్థం చేసుకున్నారో తెలుసా? దొంగతనం బయటపడ్డాక దారికొచ్చాడు చూశావా, పెట్రోలు ఇప్పుడు ఎట్లా సరిపోతోందో అన్నారు. నా పక్క సీటు గుమాస్తా నా ముందే అన్నాడు. ఒళ్లు మండింది, వాడి చెంప పగలగొట్టాలనిపించింది, టీ తాగుతూ కూర్చున్నాను. కలెక్టరేటు చెట్ల కింద డ్రైవర్లు అతన్ని పదకొండు అనే పిలిచేవాళ్లు. ఇప్పుడు నవ్వేది వాళ్లు. ఎవరికయినా మీటరు సంగతి చెప్పుకుంటే, మరి ఎందుకు సంతకం పెట్టావని అడిగేవాళ్లు. కొన్నాళ్లకు చెప్పుకోవడం మానేశాడు. మేమిద్దరం ఒక్కసారి కూడా ఆ కాగితం మాట ఎత్తుకోలేదు.

రెండు నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం అటెండరు వచ్చి, గేటు దగ్గర ఎవరో ఆమె మీకోసం నిలబడిందన్నాడు. వెళ్లి చూస్తే మొగిలమ్మ. చీర మీద ఇంకా నూలు పోగులు అంటుకుని ఉన్నాయి, మగ్గాల దగ్గర్నుంచి అట్లాగే వచ్చింది. కొమురెల్లి ఆ రోజు ఆఫీసరుగారితో ఊళ్లకు పోయాడు. అది చూసుకునే వచ్చిందని అర్థమయింది.

"సారూ, ఏడాది పొంటి పెట్రోల్ అమ్ముకున్నడని అంటాండ్రు," అంది. "నాకు జీతం దప్ప ఒక్క పైస ఎక్కువ తేలే. నా చెవులకు కమ్మలు గూడ లేవు సూడుండ్రి. మరి ఆ పైసలు ఏడికి పోయినయి? కొత్తవాడంత అడుగుతాండ్రు. ఎవలనో ఉంచుకున్నడు, ఆమెకు పెడ్తాండు అంటాండ్రు."

"అట్లాంటిదేం లేదమ్మా," అన్నాను.

"మీకేమెరుక. పిల్లలు లేనిదాన్ని, నన్నిడిశి ఇంకొకామె దగ్గరికి పోతాండేమో." కొంగు మీది నూలు పోగు ఒకటి తీసి పారేసింది. "అడిగితే మీటర్ తప్పంటడు. మీటర్ తప్పయితే దొంగనని ఎందుకు దస్కత్ చేసినవంటే గోడ దిక్కు తిరిగి పంటడు. కాగితం రాసింది మీరేనట. మీరు సదువుకున్నోళ్లు, నాతోని మీకు అబద్ధం ఆడే పనేంది. ఒక్క ముచ్చట చెప్పుండ్రి సారూ, పోత. గా జీపుల మీటర్ తప్పా?"

ఒక్క మాట చాలు ఆమెకు. చెబితే ఇంటికి పోయి అన్నం వండి పెడుతుంది. కానీ సాయంత్రానికి కొత్తవాడ అంతా చెబుతుంది, అక్కణ్ణించి ఆ మాట మా ఆఫీసుకు రావడానికి ఎంతసేపు. అరవై సంతకాలు నా కళ్ల ముందు తిరిగాయి.

"లేదమ్మా," అన్నాను. "జీపులో మీటరు మంచిదే."

నేను చెప్పింది అబద్ధం కాదు. అప్పుడు జీపులో ఉన్నది కొత్త మీటరు, దానిలో ఏ లోపమూ లేదు.

మొగిలమ్మ నాకు దండం పెట్టింది. ఆ వారమే తల్లిగారింటికి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. కొమురెల్లి ఎనభై తొమ్మిదిలో రిటైరయ్యే దాకా కొత్తవాడ గదిలో ఒక్కడే ఉన్నాడు. ఆమె ఎవరి మాట విని వెళ్లిందో అతనికి తెలుసో లేదో నాకు తెలియదు. ప్రతి నెలా మొదటి రోజు లాగుబుక్కు తెచ్చి నా టేబులు మీద పెట్టి, నేను లెక్క కట్టేదాకా ఎదురుగా నిలబడేవాడు. నేను సరిపోయింది అని రాసి సంతకం చేసేవాణ్ణి.